లెన్సు కడిగే నీరు మందు కాదా?

ఖరగ్‌పూరు రైల్వే కాలనీ నుంచి ఒక తండ్రి వ్రాసిన ఉత్తరం ఈ నెల మా ముందున్నది. ఆయన రైల్వే వర్క్‌షాపులో పనిచేస్తున్నారు. పందొమ్మిదేళ్ల కుమారునికి రెండు కళ్లలోను కెరటోకోనస్ అనే వ్యాధి ఉన్నట్లు తేలినది. కళ్లజోడు ఎన్నిసార్లు మార్చినా అక్షరాలు అలుక్కుపోయినట్లే కనబడేవట. గట్టి రకం కాంటాక్టు లెన్సులు పెట్టిన తరువాతనే ఆ కుర్రవాడు తరగతిలో వెనుక బల్లమీద కూర్చుని బోర్డు చదువగలుగుతున్నాడు. లెన్సులు ఎట్లో కొన్నారు. కాని వాటిని ప్రతి రాత్రీ నానబెట్టవలసిన ద్రావణం నెలనెలా కొనవలసి వస్తున్నది. ఆ ఖర్చు జీతంలో నుంచి తప్పక తీయవలసిన మరొక వాటాగా మారినది.

ఆయన అడిగినవి రెండు ప్రశ్నలు. ఈ ద్రావణాన్ని రైల్వే వైద్యుని మందుచీటీపై పొందవచ్చునా? అది మందు కాదు గనుక రాదని తోటివారు అంటున్నారట. రానిపక్షంలో, ఇంట్లో ఎవరికో ఎక్కించగా మిగిలిన సెలైన్ సీసా ఒకటి ఉన్నది. అదీ శుభ్రమైన నీరే గదా, దానితో సరిపెట్టుకోవచ్చునా?

రెండవ ప్రశ్నకే ముందుగా సమాధానం చెప్పాలి. అందులో ఆలస్యం పనికిరాదు. ఆ సీసాను వాడవద్దు. ఒక్క రాత్రి కూడా వద్దు. ఎందుకు వద్దో తెలిస్తే, మొదటి ప్రశ్నకు సమాధానం కూడా అందులో నుంచే వస్తుంది.

కంటి నల్లగుడ్డుకు ముందు, గడియారపు అద్దంవలె ఉండే పారదర్శకమైన పొరను కార్నియా అంటారు. ఆరోగ్యవంతుల కంటిలో అది నునుపుగా, గుండ్రని వంపుతో ఉంటుంది. కెరటోకోనస్ వచ్చినవారిలో ఆ పొర పలుచబడి, శంకువువలె ముందుకు ఉబ్బుతుంది. సాధారణంగా యౌవనారంభంలో మొదలై, కొన్ని సంవత్సరాలపాటు ముదురుతూ పోతుంది. కళ్లను అదేపనిగా నులుముకొనే అలవాటుకూ ఈ వ్యాధికీ సంబంధం ఉన్నట్లు వైద్యులు గమనించారు. ముదరకుండా ఆపడానికి నేడు ఒక చికిత్స ఉన్నది. బి2 విటమిను చుక్కలు వేసి, కార్నియాపై అతినీలలోహిత కిరణాలను ప్రసరింపజేసి, పొరను గట్టిపరుస్తారు. జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో రూపొందిన ఈ పద్ధతిని రోగులపై పరీక్షించిన తొలి ఫలితాలు 2003లో ప్రచురితమైనవి. అయితే అది వ్యాధిని నిలుపుతుందే గాని, వంపు తిరిగిన పొరను మునుపటివలె చేయలేదు. చూపు కోసం చాలామందికి తరువాత కూడా లెన్సే శరణ్యం.

కళ్లజోడు చేయలేని పని లెన్సు ఎట్లు చేస్తుంది? గతుకుల నేలమీద వాననీరు నిలిచినప్పుడు పైతలం సమంగా కనబడుతుంది గదా! గట్టి లెన్సుకూ కార్నియాకూ నడుమ కన్నీరు చేరి, ఎగుడుదిగుళ్లను నింపుతుంది. వెలుగు ఇక లెన్సు యొక్క నునుపైన తలం మీద పడి లోనికి పోతుంది. అలుక్కుపోయిన అక్షరం విడివడుతుంది.

కాంటాక్టు లెన్సు అనగానే కళ్లజోడు ఇష్టంలేని యువతీయువకుల సోకు అని మనలో చాలామంది భావిస్తారు. చరిత్ర చూస్తే సంగతి వేరు. 1888లో జూరిచ్ నగరంలో అడాల్ఫ్ ఫిక్ అనే వైద్యుడు గాజుతో చేసిన కాంటాక్టు లెన్సులను గూర్చి ప్రకటించినప్పుడు, ఆయన దృష్టిలో ఉన్నది ఈ కెరటోకోనస్ వంటి వ్యాధిగ్రస్తులే. చెకోస్లొవేకియా శాస్త్రజ్ఞుడు ఒట్టో విఖ్టెర్లే 1961లో మెత్తని లెన్సులను తయారు చేయడం, 1971లో వాటికి అమెరికాలో అనుమతి లభించడం జరిగిన తరువాతనే లెన్సు లక్షలాది మంది నిత్యావసరమై, అంగడి సరుకయింది. అది వైద్యుని చేతిలో పుట్టిన సాధనమన్న సంగతి క్రమంగా మరుగున పడినది. పుట్టుకతో వచ్చిన శుక్లాన్ని తీసివేయించుకొన్న పసిపిల్లలకు, గాయం మానిన చోట మచ్చపడి కార్నియా వంకర తిరిగినవారికి కూడా లెన్సు అవసరమవుతుంది. వీరికి అది అలంకారం కాదు, చికిత్సలో భాగం.

రైల్వే ఊళ్లో కంటిచూపు విలువ వేరుగా చెప్పనక్కరలేదు. ఇంజను నడిపే ఉద్యోగంలో చేరడానికి ఎ-1 వైద్య తరగతిలో నెగ్గాలి. అందుకు కళ్లజోడు లేకుండానే రెండు కళ్లకూ 6/6 చూపు ఉండాలి. ఆ ద్వారం మన ఉత్తరంలోని కుర్రవానికి ఎటూ తెరుచుకోదు. మిగిలిన ద్వారాలన్నీ—చదువు, పోటీ పరీక్షలు, కార్యాలయంలో కొలువు—ఆ రెండు చిన్న లెన్సుల మీదనే ఆధారపడి ఉన్నవి.

ఇప్పుడు సెలైన్ సీసా సంగతి. అందులో ఉన్నది నూటికి 0.9 వంతుల ఉప్పు కలిసిన శుద్ధజలం. మన రక్తంలోను, కన్నీటిలోను ఉండే ఉప్పదనం దాదాపు ఇంతే. అందువల్లనే అది కంటికి మంట పుట్టించదు. కాని కంటికి ఎంత హాయో, క్రిమికీ అంతే హాయి. సెలైన్ మురికిని కడుగుతుంది; క్రిమిని చంపదు. మూత తీయనంతవరకు ఆ సీసాలో క్రిమి లేదు. తీసిన మరునాటికి లేదని ఎవరూ చెప్పలేరు. అందులో రాత్రంతా నానిన లెన్సును ఉదయం కంటిలో పెట్టుకొంటే, క్రిములను మన చేతులతో కార్నియాకు అంటించినట్లే. కార్నియాకు రక్తనాళాలు లేవు. లెన్సు కింద కన్నీటి కదలిక కూడా తక్కువ. అక్కడ చేరిన క్రిమికి అడ్డు చెప్పేవారు ఆలస్యంగా వస్తారు.

ఇది ఊహాపోహ కాదు. 1980ల మధ్యకాలంలో అమెరికాలో, అంతవరకు బహు అరుదైన ఒక కంటి వ్యాధి అకస్మాత్తుగా పెరిగినది. అకాంతమీబా అనే ఏకకణ జీవి కార్నియాను తొలిచివేయడం దాని లక్షణం. అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రంవారు విచారించగా, రోగులలో అధికసంఖ్యాకులు మెత్తని లెన్సులు వాడేవారనీ, డబ్బు ఆదా కోసం ఉప్పు బిళ్లలను నీటిలో కరిగించి ఇంట్లోనే సెలైన్ చేసుకొనేవారనీ బయటపడినది. మన తండ్రిగారి ఆలోచన వంటిదే వారిదీను. ఆదా అయినది కొన్ని డాలర్లు; కొందరు పోగొట్టుకొన్నది కన్ను.

మన దేశంలో ఈ అమీబా బాధితులలో అత్యధికులు లెన్సు ఎన్నడూ పెట్టుకోనివారే అని హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పరిశోధకులు తెలిపారు. బురద చిమ్మి, దుమ్ము పడి, కలుషితమైన నీరు తగిలి వచ్చినదే ఎక్కువ. ఇది లెన్సు వాడేవారికి ఊరట కలిగించే వార్త కాదు. ఆ జీవి మన మట్టిలో, మన నీటిలో ఉన్నదని దాని అర్థం. ఖరగ్‌పూరు ఎర్రమట్టి దుమ్ముకూ, కుళాయి నీటికీ మినహాయింపు లేదు. తాగడానికి పనికివచ్చే నీరు లెన్సు కడగడానికి పనికిరాదు. గట్టి కవచం కట్టుకొని నిద్రించే ఆ అమీబాను కుళాయి నీటిలో కలిపే క్లోరిన్ చంపలేదు.

మరి ద్రావణం చేసే పని ఏమిటి? అంగట్లో దొరికే ద్రావణాలు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది బహుళ ప్రయోజన ద్రావణం. మురికిని వదలగొట్టే పదార్థం, క్రిములను చంపే పదార్థం, లెన్సును తడిగా ఉంచే పదార్థం అందులో కలిసే ఉంటాయి. రెండవది నూటికి 3 వంతుల హైడ్రోజన్ పెరాక్సైడు. దానిని ప్రత్యేకమైన డబ్బీలోనే వాడాలి. డబ్బీలోని ప్లాటినం పూత సుమారు 6 గంటలలో పెరాక్సైడును నీరుగా, ఆక్సిజనుగా విడగొడుతుంది. గడువు తీరకముందే లెన్సు తీసి కంటిలో పెట్టుకొంటే కన్ను మండిపోతుంది, కార్నియా గాయపడుతుంది. గట్టి లెన్సులకు పనికివచ్చే ద్రావణం వేరు, మెత్తని లెన్సులకు పనికివచ్చేది వేరు కావచ్చును. ఏది వాడాలో లెన్సు అమర్చిన వైద్యుడే చెప్పాలి.

సెలైన్‌కు చోటే లేదని కాదు. కంటి తెల్లగుడ్డుపై ఆనే పెద్ద స్క్లెరల్ లెన్సులను పెట్టుకొనే ముందు, వాటి గిన్నెను నిల్వ మందులు కలపని సెలైన్‌తో నింపుతారు. అయితే దానికి వాడేది వైద్యుడు సూచించిన, ఒక్కసారికి సరిపడే చిన్న పొట్లాలలోని సెలైన్. ఆ లెన్సులనైనా రాత్రి నానబెట్టవలసింది క్రిమిసంహారక ద్రావణంలోనే.

ఇక మొదటి ప్రశ్న. ప్రభుత్వ వైద్య సౌకర్యాల నిబంధనలలో మందుకూ మందు కానిదానికీ మధ్య ఒక గీత ఉన్నది. 1944 నాటి కేంద్ర ప్రభుత్వోద్యోగుల వైద్య సహాయ నిబంధనల ప్రకారం, ప్రధానంగా ఆహారాలు, టానిక్కులు, అలంకరణ సామగ్రి, క్రిమిసంహారకాలు అనదగినవి మందుల లెక్కలోనికి రావు. లెన్సు ద్రావణం సీసాపై ఏమని అచ్చువేసి ఉంటుంది? లెన్సును శుద్ధిచేసి, క్రిములను సంహరించేది అని. ఆ మాట చూడగానే, నేల కడిగే ఫినాయిలు ఉన్న వరుసలోనే ఇదీ చేరిపోతుంది. తోటివారి మాట పూర్తిగా నిరాధారం కాదు. బ్రిటన్‌లో కూడా జాతీయ ఆరోగ్య సేవ మందుచీటీపై లెన్సు ద్రావణాలు సాధారణంగా రావు. ఆసుపత్రి అమర్చిన లెన్సు వాడేవారు సైతం ద్రావణాన్ని సొంతంగా కొనుక్కోవడమే అక్కడ పరిపాటి.

కాని ఆ నిబంధనలలోనే మరొక వాక్యం ఉన్నది. ఆసుపత్రిలో మామూలుగా లభించని మందు అయినప్పటికీ, రోగి కోలుకోవడానికి గాని, అతని స్థితి తీవ్రంగా క్షీణించకుండా నివారించడానికి గాని అది అవశ్యమని వైద్యాధికారి లిఖితపూర్వకంగా ధ్రువీకరించినచో, దానిని చికిత్సలో భాగంగా సమకూర్చవచ్చును. రైల్వే ఉద్యోగులకు వర్తించేది రైల్వేల ప్రత్యేక వైద్య సంహిత. అందులో చికిత్స అనే పదానికి ఇచ్చిన నిర్వచనం కూడా ఈ బాటనే అనుసరించినది. క్షీణించకుండా నివారించడం అన్నది ఇక్కడ కీలకం. లెన్సు ద్రావణం చేసే పని అచ్చంగా అదే.

ఈ వాదనకు బలం చేకూర్చే సంగతి ఒకటి చెప్పాలి. అనేక బహుళ ప్రయోజన ద్రావణాలలో క్రిములను చంపే పదార్థం పాలీహెక్సానైడు, నూటికి 0.0001 వంతు ఉంటుంది. ఒకవేళ అకాంతమీబా కంటిని పట్టుకొంటే, నేత్రవైద్యులు వేసే చుక్కలలో ఒకటి ఇదే పాలీహెక్సానైడు, నూటికి 0.02 వంతు, అనగా 200 రెట్లు గాఢం. మొదట్లో ఆ చుక్కలను రాత్రింబవళ్లు గంటగంటకు వేయాలి. చికిత్స నెలల తరబడి సాగుతుంది. కొందరికి కార్నియా మార్పిడి తప్పదు. ఒకే పదార్థం రోగం రాకముందు క్రిమిసంహారకం, వచ్చిన తరువాత మందు! చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనడానికి డబ్బు ఇచ్చి, కాలకముందు ఇవ్వకపోవడం ఏ లెక్క ప్రకారమూ పొదుపు కాదు.

అందుచేత తండ్రిగారికి మా సమాధానం ఇది. ద్రావణం హక్కుగా వచ్చి తీరుతుందని మేము చెప్పలేము. అడగరానిది మాత్రం కాదు. అడిగే తీరులోనే సగం బలం ఉన్నది.

మొదట, లెన్సు అమర్చిన నేత్రవైద్యుని వద్ద నుంచి వివరమైన పత్రం తీసుకోవాలి. వ్యాధి పేరు, కళ్లజోడుతో ప్రతి కంటికీ ఎంత చూపు వస్తున్నది, లెన్సుతో ఎంత వస్తున్నది అన్నవి అంకెలలో ఉండాలి. ఆ రెండు అంకెల మధ్య తేడాయే మీ తరఫు సాక్షి. లెన్సు అలంకారానికి కాదు, చికిత్సకు అని స్పష్టంగా వ్రాయించాలి.

రెండవది, ద్రావణాన్ని కంపెనీ పేరుతో గాక, రకం పేరుతో, గట్టి లెన్సుకు తగిన క్రిమిసంహారక ద్రావణం అని వ్రాయమనాలి. పరిమాణం కూడా ఉండాలి. పెరాక్సైడు డబ్బీ ఒకసారి నిండడానికి సుమారు 10 మిల్లీలీటర్లు పడుతుంది. అనగా నెలకు 300 మిల్లీలీటర్లు. లెక్క తెలిసిన అభ్యర్థనను తోసిపుచ్చడం కష్టం.

మూడవది, ఈ ద్రావణం లేనిపక్షంలో కార్నియాకు క్రిమిదోషం సోకి చూపు తీవ్రంగా క్షీణించగలదని వైద్యుని చేత ఒక వాక్యం వ్రాయించాలి. నిబంధనలోని భాషకూ ఆ వాక్యానికీ పొంతన కుదరాలి.

నాలుగవది, ఈ పత్రాలను జతపరచి రైల్వే వైద్యాధికారికి దరఖాస్తు చేయాలి. నిల్వలో లేని వస్తువును అవసరమైనప్పుడు స్థానికంగా కొని ఇచ్చే పద్ధతి రైల్వే ఆసుపత్రులలో ఉన్నది. కింది స్థాయిలో నిర్ణయం జరగకపోతే, పై స్థాయికి పంపవలసిందిగా కోరవచ్చును. ఆగ్నేయ రైల్వేకు కలకత్తా గార్డెన్‌రీచ్‌లో కేంద్ర ఆసుపత్రి ఉన్నది. ఏ సమాధానమైనా లిఖితపూర్వకంగా అడిగి తీసుకోండి. లేదన్న జవాబు కాగితం మీద ఉంటే, పై అధికారికి విన్నవించుకొనే దారి మిగులుతుంది. కొన్న సీసాల రసీదులను తేదీల వారీగా దాచి ఉంచండి.

ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. ఆసుపత్రిలో చేరినప్పుడే వర్తించే బీమా కార్డులను నమ్ముకొని లాభం లేదు. ఇది ఇంట్లో, ప్రతి రాత్రీ, నిద్రకు ముందు జరిగే చికిత్స.

నిర్ణయం వచ్చేవరకు, వచ్చిన తరువాత కూడా, మరువరాని నియమాలు కొన్ని ఉన్నవి. చేతులు సబ్బుతో కడిగి, పొడి గుడ్డతో తుడుచుకొన్న తరువాతనే లెన్సు ముట్టాలి. పాత ద్రావణం మీద కొత్తది పోసి సరిపెట్టరాదు. ప్రతిరోజూ పారబోసి, తాజాగా పోయాలి. తెరచిన సీసాను దానిపై వ్రాసిన గడువు దాటి వాడరాదు. లెన్సును ఉమ్మితో తడపరాదు. కుళాయి నీటితో కడగరాదు. స్నానానికీ, ఈతకూ ముందు తీసివేయాలి. డబ్బీని ద్రావణంతోనే కడిగి, బోర్లించి ఆరబెట్టి, రెండు మూడు నెలలకొకసారి మార్చాలి. సీసాలపై సూచనలు చిన్న అక్షరాలలో ఇంగ్లీషులో ఉంటాయి. కుర్రవానికి అర్థమైనా, ఇంట్లో డబ్బీ కడిగే తల్లికి అర్థం కాకపోవచ్చును. వాటిని తెలుగులో ఒక కాగితంపై వ్రాసి అద్దం పక్కన అంటించండి.

మంచి కంపెనీ ద్రావణమైతే చాలునని నిశ్చింతగా ఉండడానికీ వీలులేదు. 2006లో బాష్ అండ్ లోంబ్ కంపెనీవారి రెన్యూ మాయిశ్చర్‌లాక్ అనే ద్రావణానికీ, ఫ్యుసేరియం అనే బూజు వల్ల వచ్చిన కంటి వ్యాధికీ సంబంధం ఉన్నట్లు తేలినది. ఒక్క అమెరికాలోనే 164 కేసులు ధ్రువపడినవి. ఆ యేడు మే నెలలో దానిని ప్రపంచమంతటా అంగళ్ల నుంచి ఉపసంహరించారు. కనుక లెన్సు వాడేవారికి అసలు కాపలాదారు వారి కన్నే. ఎరుపు, నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, నీరు కారడం, చూపు మసకబారడం—వీటిలో ఏ ఒక్కటి కనబడినా లెన్సు వెంటనే తీసివేయాలి. మళ్లీ పెట్టుకోరాదు. మందుల షాపులో అడిగి ఏవో చుక్కలు వేసుకోరాదు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే కొండనాలుకకు మందు వేసి ఉన్న నాలుక ఊడగొట్టుకొన్నట్లవుతుంది. అదే రోజు నేత్రవైద్యుని వద్దకు వెళ్లాలి. వెళ్లేటప్పుడు లెన్సునూ, డబ్బీనీ వెంట తీసుకొని పోవాలి. ఏ క్రిమి సోకినదో కనిపెట్టడానికి అవి పనికివస్తాయి.

వర్క్‌షాపులో పనిచేసే తండ్రిగారికి వేరే ఉపమానం అక్కరలేదు. ఇంజను ఎంత గొప్పదైనా బ్రేకులు లేకుండా దానిని పట్టాలెక్కించరు. లెన్సుకు ద్రావణం అటువంటిది. మీ దరఖాస్తులో ఈ మాట మీ సొంత భాషలో వ్రాయండి. వైద్యుని కాగితం దానికి జతపరచండి. రేపే మొదలుపెట్టండి.

ఆ సెలైన్ సీసాను మాత్రం రేపటి దాకా ఉంచవద్దు. ఈ రాత్రికే పారబోయండి.